ఉక్కపోత గదిలో నీళ్ళ కూలర్

పద్మనాభం కొండ కింద, కుంతీమాధవస్వామి గుడికి కాస్త ఇవతల మా మేనల్లుడి వీడియో మిక్సింగ్ గది ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, కార్తీకమాసం చివర కొండ మెట్ల నిండా దీపాలు పెట్టే రాత్రి, అన్నీ వాడి కెమెరాలోంచి ఆ గదిలోని కంప్యూటర్‌లోకి చేరతాయి. గదికి ఒకటే కిటికీ. ఏసీ లేదు. పడమటి గోడ సాయంత్రం దాకా ఎండలో కాలుతుంది. మే నెలలో అక్కడ కూర్చుంటే పక్కనే గోస్తనీ పారుతోందంటే నమ్మబుద్ధి కాదు.

కొత్త మెషీన్ కట్టించుకుందామని వాడు విశాఖలో ఒక షాపుకి వెళ్ళి కొటేషన్ రాయించుకొచ్చాడు. దాని ఫోటో నాకు పంపాడు. ప్రాసెసర్ రైజెన్ 7 7700. ఆ కింద వరుసలో 360 మిల్లీమీటర్ల ఏఐవో లిక్విడ్ కూలర్. "మావయ్యా, ఇది తీసుకోమంటావా? ఎండలకి పాత మెషీన్ నత్తలాగ నడుస్తంది. షాపాయన నీళ్ళ కూలరైతే ఢోకా లేదంటున్నాడు" అని మెసేజ్. అది చదివే లోపే అక్క ఫోను. "కరెంటు సామాన్లోన నీళ్ళేట్రా తమ్ముడూ? ఆడికి బుద్ధి లేకపోతే నీకైనా ఉండొద్దేటి?"

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. జేబులో ఒక చిన్న గది థర్మామీటర్ వేసుకున్నాను. కూలర్ బాగోగులు తేల్చడానికి దాన్ని మించిన పనిముట్టు లేదని నా నమ్మకం. ఎందుకో నెమ్మదిగా తెలుస్తుంది.

ముందు అక్క ప్రశ్న. ఏఐవో అంటే ఆల్ ఇన్ వన్. ఫ్యాక్టరీలోనే నీళ్ళు నింపి సీలు వేసిన వస్తువు. మనం తెచ్చి పోసేది ఏమీ ఉండదు. ప్రాసెసర్ నెత్తిన ఒక రాగి పలక కూర్చుంటుంది. దాని లోపలి ముఖం మీద వెంట్రుకల్లాంటి సన్నటి గాళ్ళు చెక్కి ఉంటాయి. ఆ పలక మీదే ఒక చిన్న పంపు. పంపు నుంచి రెండు రబ్బరు గొట్టాలు బయల్దేరి జల్లెడ లాంటి అల్యూమినియం రేడియేటర్ దగ్గరకి వెళ్తాయి. రేడియేటర్‌కి రెండో మూడో ఫ్యాన్లు. లోపల తిరిగేది నీళ్ళు, గ్లైకాల్, తుప్పు పట్టకుండా కలిపిన మందు. "మన ట్రాక్టర్ ముందర ఉండేదే కదా" అన్నాడు బావ. అచ్చంగా అదే.

బావ కొన్నేళ్ళు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేసిన మనిషి. నేను చెప్పబోయేది ఆయనకి ముందే తెలుసు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరూ దేవత పేరూ పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసుల్లోకి వేడి గాలిని ఊదే ముక్కులుంటాయి. వాటిని టుయర్లంటారు. అవి రాగివి. రాగి 1,085 డిగ్రీలకి కరిగిపోతుంది. కొలిమి లోపల కరిగిన ఇనుము 1,500 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది. అయినా ఆ రాగి ముక్కు కరగదు, దాని కడుపులో నీళ్ళు ఆగకుండా పరుగెడుతుంటాయి కాబట్టి. వచ్చిన వేడిని వచ్చినట్టే ఎత్తుకుపోతే రాగికి కరిగే తీరికే ఉండదు. అక్కడ కొలిమి, ఇక్కడ గోరంత సిలికాన్ ముక్క. పద్ధతి ఒకటే.

నీళ్ళనే ఎందుకు పెట్టారంటే, ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ పెరగడానికి తీసుకునే వేడి, అంతే చోటు పట్టే గాలి తీసుకునే దానికి దాదాపు 3,500 రెట్లు. నిమిషానికి ఒక లీటరు చొప్పున నీళ్ళు తిరుగుతున్నాయనీ ప్రాసెసర్ 250 వాట్ల వేడి కక్కుతోందనీ అనుకుందాం. రాగి పలక దాటి వచ్చేసరికి ఆ నీళ్ళు వేడెక్కేది మూడున్నర డిగ్రీలే. మోయడంలో నీళ్ళని మించిన కూలీ లేడు.

మోసినదాన్ని ఎక్కడో ఒకచోట దింపాలి కదా. నీళ్ళ కూలర్ అమ్మేవాళ్ళు దాటేసే మాట ఇదే. రేడియేటర్ దగ్గర నీళ్ళు తమ బరువంతా గాలికి అప్పజెప్పి ఖాళీ చేతులతో వెనక్కి రావాలి. ఆ 250 వాట్లు తీసుకుని గాలి పది డిగ్రీలే వేడెక్కాలంటే సెకనుకి 20 లీటర్ల గాలి రేడియేటర్‌లోంచి దూరిపోవాలి. అంత గాలినీ ఫ్యాన్లే లాగాలి. ఆ గాలి ఏది? గదిలోదే. కాబట్టి పంపు ఎంత గొప్పదైనా, రేడియేటర్ ఎంత పొడుగైనా, లోపలి నీళ్ళు గది గాలి కంటే చల్లబడవు.

"అదేటి, కూజాలో నీళ్ళు చల్లగా ఉండవేటి? గదిలోనే కదా కూజా ఉంటాది" అంది అక్క. మంచి ప్రశ్న. చాలామంది చదువుకున్నవాళ్ళకీ ఈ తేడా తట్టదు. కూజా చెమరుస్తుంది. బయటికి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతుంది. అందుకే కూజా నీళ్ళు గది కంటే చల్లగా ఉంటాయి. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ స్టేషన్‌లో ఆకాశంలోకి లేచిన ఆ పెద్ద కూలింగ్ టవర్లు కూడా కూజా జాతివే. సముద్రపు నీళ్ళని ధారలుగా జార్చి, అందులో కొంత ఆవిరైపోనిచ్చి, మిగతాది చల్లబరుస్తాయి. ఏఐవో కూలర్ చెమర్చదు. సీలు వేసిన వస్తువు చెమర్చకూడదు కూడా. కాబట్టి గది 34 డిగ్రీలుంటే దాని లోపలి నీళ్ళు 34 కంటే దిగవు. ప్రాసెసర్ ఆ నీళ్ళ కంటే ఇంకా పైన ఉంటుంది. ఈ చిక్కులో ఒక లాభం కూడా ఉంది. నీళ్ళు గది కంటే చల్లబడవు కాబట్టి, మన సముద్రతీరపు తేమలో గొట్టాల మీద మంచు బిందువులు పట్టి బోర్డు మీదకి కారతాయన్న భయం అక్కర్లేదు.

జేబులో థర్మామీటర్ తీసి కంప్యూటర్ బల్ల మీద, గాలి లోపలికి దూరే వైపు పెట్టాను. పదకొండు గంటలకే 34 చూపించింది.

కూలర్ల మీద పరీక్షలు చేసి వీడియోలు పెట్టేవాళ్ళు ఎక్కువమంది చల్లటి ఏసీ గదుల్లో, 21 నుంచి 23 డిగ్రీల మధ్య కూర్చుని చేస్తారు. వాళ్ళు చెప్పేది అబద్ధమేమీ కాదు, వాళ్ళ గది అలాంటిది. మనం చూడాల్సింది ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేస్తే మిగిలే తేడా. ఉదాహరణకి ఒక పరీక్షలో గది 22, ప్రాసెసర్ 84 అని చూపించారనుకోండి. తేడా 62. అదే కూలర్, అదే పని మా వాడి గదికి తెస్తే 34కి 62 కలిపి 96. లెక్క కచ్చితంగా అంతే రాదు గాని దగ్గర్లోనే ఉంటుంది. ఇంటెల్ కోర్ ఐ7-14700కె అయితే 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కాబట్టి బతికిపోతుంది. రైజెన్ 7000 వరసలో చాలావాటికి గీత 95 దగ్గరే. గీత తగలగానే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మా వాడి భాషలో నత్తలాగ నడవడమంటే అదే. గది వేడి రాయకుండా "మా కూలర్‌తో 60 డిగ్రీలే" అని చెప్పేవాళ్ళ మాట నేను పట్టించుకోను. మీరూ పట్టించుకోకండి.

రెండో మోసం సమయానిది. నీళ్ళూ రేడియేటర్ లోహమూ కలిసి కాసేపు వేడిని తమలో దాచుకుంటాయి. పొయ్యి మీద పెట్టిన ఎసరు వెంటనే మరగదు కదా. అందుకే మొదటి ఐదు నిమిషాలు నీళ్ళ కూలర్ అద్భుతంగా కనిపిస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు దాటాక గాని దాని అసలు రంగు బయటపడదు. పరీక్ష అరగంట నడిపారా, ఐదు నిమిషాలకే ఆపేశారా అన్నది చూడండి. ఈ దాచుకునే గుణం కొందరికి నిజంగానే పనికొస్తుంది. రెండు నిమిషాల్లో ముగిసే పనులు ఆగి ఆగి చేసేవాళ్ళకి ఫ్యాన్లు అరవకుండానే గడిచిపోతుంది. మా వాడికి పనికిరాదు. మూడు గంటల పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి వాడు భోజనానికి పోతాడు.

మూడోది చప్పుడు. ఫ్యాన్లని పూర్తి వేగంతో తిప్పితే ఏ కూలరైనా బాగా చల్లబరుస్తుంది. అలాంటి గదిలో కూర్చుని పెళ్ళి మంత్రాల ఆడియో సరిచేయమనండి చూద్దాం. నిజాయితీగల పరీక్షలో అన్ని కూలర్లనీ ఒకే చప్పుడుకి కుదించి, అప్పుడు ఎవరు ఎంత చల్లబరిచారో చెబుతారు.

ఇక ప్రాసెసర్ సంగతి. ప్రాసెసర్ వివరాల్లో టీడీపీ అని ఉంటుంది. మన దగ్గర ఆ మూడక్షరాలకి వేరే అర్థం ఉంది గాని, ఇక్కడ థర్మల్ డిజైన్ పవర్. పేరుకి అది వేడి అంకె, తీరా చూస్తే కంపెనీ బోర్డు మీద రాసుకున్న అంకె. రైజెన్ 7 7700కి అది 65 వాట్లు. నిజానికి అది 88 వాట్ల దాకా లాగుతుంది. 105 అని రాసిన 7700ఎక్స్ 142 దాకా, 170 అని రాసిన 7950ఎక్స్ 230 దాకా పోతాయి. ఐ7-14700కె మీద 125 అని ఉంటుంది, వదిలేస్తే 253 మింగుతుంది. కూలర్ కొనేటప్పుడు చూడాల్సింది ఈ రెండో అంకె. 250 వాట్ల మెషీన్‌ని మన తీరంలో ఏసీ లేని గదిలో నడపాలంటే పెద్ద రేడియేటర్ కావాల్సిందే, దాన్ని నేను కాదనను. 88 వాట్ల ప్రాసెసర్‌కి 360 రేడియేటర్ అంటే, ఇద్దరు మనుషులున్న ఇంటికి పెళ్ళిపందిరి గుండిగ తెచ్చినట్టు.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. రైజెన్‌లో లెక్కలు చేసే ముక్క 70 చదరపు మిల్లీమీటర్లకి అటూ ఇటూ, చిటికెన వేలి గోరంత. వేడంతా ఆ గోరులోంచే పైకి రావాలి. దాని మీద లోహపు మూత, మూత కింద అతుకు, మూత పైన పేస్టు. ఇవన్నీ దాటాకే నీళ్ళ దాకా వస్తుంది. ఇరుకు సందులోంచి వచ్చే ట్రాఫిక్‌కి హైవే ఎంత వెడల్పైతే ఏం లాభం? అందుకే చిన్న ముక్కల ప్రాసెసర్ల మీద 240, 360 రేడియేటర్ల మధ్య తేడా చాలాసార్లు అనుకున్నంత కనిపించదు. పైగా 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివి ఎంత కూలర్ ఇస్తే అంత వేగం పెంచుకుని, గట్టి పని పడితే 95 దాకా పోయేలా తయారైనవే. వాటి విషయంలో వేడి అంకె చూసి బెంగపడటం దండగ. పని ఎంతసేపట్లో అయిందో చూడాలి.

రేడియేటర్ కొలతల గురించి ఒక్క మాట. 240 అంటే 120 ఫ్యాన్లు రెండు, 280 అంటే 140 ఫ్యాన్లు రెండు, 360 అంటే 120 ఫ్యాన్లు మూడు. గాలి దూరే చోటు లెక్కేస్తే 280ది 240 కంటే మూడో వంతుకి పైగా ఎక్కువ, 360కి దగ్గర్లో ఉంటుంది. పేరులో 40 మాత్రమే తేడా అని చాలామంది 280ని చూడను కూడా చూడరు. మందం కూడా లెక్కలోకి వస్తుంది. ఎక్కువ రేడియేటర్లు 27 మిల్లీమీటర్లుంటాయి, ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ వరసవి 38. అది పట్టే కేబినెట్ ఉందో లేదో టేపు పెట్టి కొలుచుకోవాలి.

బిగించడంలో మన ఊళ్ళలో జరిగే తప్పులు రెండు. రాగి పలక మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పీకకుండానే బిగించేస్తారు. నేనే ఒకసారి ఆ ఘనకార్యం చేసి, ప్రాసెసర్ పాడైపోయిందని గంటసేపు దిగులుపడ్డాను. రెండోది పంపు ఉండే ఎత్తు. నీళ్ళు తిరిగే చుట్టులో ఎప్పుడూ కొంచెం గాలి బుడగ ఉంటుంది. అది ఎత్తైన చోటికే చేరుతుంది. రేడియేటర్‌ని కేబినెట్ పైకప్పుకి బిగిస్తే బుడగ అక్కడే ఉండిపోయి ఎవరికీ అడ్డు రాదు. రేడియేటర్‌ని అడుగున పెడితే పంపే ఎత్తైన చోటవుతుంది. అప్పుడది గాలి మింగి గరగరమని అరుస్తుంది, ఆయుష్షు తరిగిపోతుంది. బోరులో నీళ్ళు లేనప్పుడు మోటారు వేస్తే ఏమవుతుందో ఊళ్ళో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

పైకప్పుకి బిగిస్తే ఇంకో తంటా. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి కూడా ఆ రేడియేటర్ గుండానే బయటికి పోవాలి. మా వాడి పనిలో గ్రాఫిక్స్ కార్డుదే ఎక్కువ వేడి. ముందు వైపు బిగిస్తే ప్రాసెసర్‌కి కొత్త గాలి దొరుకుతుంది, కార్డుకి వేడి గాలి మిగులుతుంది. ఎవరో ఒకరు సర్దుకోవాలి. బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు సర్దే ముక్కలు కూడా వేడెక్కుతాయి. గాలి కూలరైతే దాని ఫ్యాన్ గాలి పోతూ పోతూ వాటికీ తగులుతుంది. నీళ్ళ కూలర్ పెడితే ఆ పుణ్యం పోతుంది. అందుకే కొన్ని కంపెనీలు పంపు పక్కన వాటి కోసమే ఒక బుల్లి ఫ్యాన్ పెడుతున్నాయి.

కారితే? అక్క అసలు భయం అదే. అరుదు గాని, జరగదని కాదు. రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీళ్ళలో ఉంటే ఒకటి రెండోదాన్ని తినేయాలని చూస్తుంది. ఓడల ఉక్కు అడుగుని ఉప్పునీరు తినకుండా జింకు దిమ్మలు బిగించేది ఈ గుణం తెలిసే. ఓడలో జింకు తానే అరిగి ఉక్కుని కాపాడుతుంది, కూలర్లో ఆ పని కలిపిన మందుది. ఆ మందు బలం తగ్గిన కొద్దీ లోపల సన్నటి చెత్త పుట్టి వెంట్రుక గాళ్ళని మూసేస్తుంది. రబ్బరు గొట్టాల్లోంచి నీళ్ళు ఏళ్ళ తరబడి కంటికి కనపడకుండా ఇగిరిపోతూనే ఉంటాయి. 2022లో ఆర్కిటిక్ కంపెనీ తన లిక్విడ్ ఫ్రీజర్ 2లో కొన్ని బ్యాచ్‌ల గాస్కెట్ సరిగా లేదని తనే ప్రకటించి, కొన్నవాళ్ళకి మార్చుకునే కిట్లు ఇచ్చింది. లోపం ఒప్పుకుంది కాబట్టి ఆ కంపెనీ మీద నాకు గౌరవం పెరిగింది గాని, సీలు వేసిన పెట్టె కూడా శాశ్వతం కాదని తేలింది. సాధారణంగా ఐదారేళ్ళ వారంటీ ఇస్తారు. నా లెక్కలో దాని ఆయుష్షు కూడా అంతే అనుకుని కొనాలి. వారంటీ కాగితంలో కూలర్ ఒక్కటే ఇస్తారా, అది కారి బోర్డు పాడైతే దానికీ పూచీ ఉందా అన్నది కొనే ముందే అడిగి రాయించుకోవాలి. పద్మనాభంలో పంపు ఆగిపోతే, విశాఖ మోసుకెళ్ళి, అక్కణ్ణుంచి సర్వీసు సెంటర్‌కి పంపి, తిరిగొచ్చేదాకా మెషీన్ ఖాళీ. మాఘమాసం ముహూర్తాల మధ్య అలా జరిగితే మా వాడికి ఆ సీజన్ పోయినట్టే. గాలి కూలర్లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే. అది ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది.

పేర్ల మోజు గురించీ చెప్పాలి. డెన్మార్క్‌లో 2000లో మొదలైన ఆసెటెక్ అనే కంపెనీ పంపునీ రాగి పలకనీ ఒకే ముద్దగా చేసి, ఆ పేటెంట్ల కోసం కోర్టుల్లో ఏళ్ళకేళ్ళు కొట్లాడింది. 2009లో కోర్సెయిర్ హెచ్50 పేరుతో జనంలోకి వెళ్ళింది ఆసెటెక్ సరుకే. ఇప్పటికీ చాలా బ్రాండ్ల కూలర్లు తయారయ్యేది ఇలాంటి కొద్దిమంది దగ్గరే. మూత మీద బొమ్మ, లైట్లు మారతాయి.

"మరి గాలి కూలరంటే నీళ్ళు ఉండవన్నమాట" అంది అక్క నిశ్చింతగా. ఉంటాయి. గాలి కూలర్ రెక్కల్లోంచి పోయే ఆ మెరిసే రాగి గొట్టాల లోపల, గాలి పీకేసిన ఖాళీలో, కొన్ని చుక్కల నీళ్ళుంటాయి. కింద వేడి తగలగానే ఆవిరై పైకి పోయి, రెక్కల దగ్గర చల్లబడి మళ్ళీ నీళ్ళై కిందకి వస్తాయి. పంపు అక్కర్లేదు. ఇది విన్నాక అక్క మొహం మళ్ళీ మొదటికొచ్చింది.

ఈ గొడవ మా వాడి గదితో ఆగేది కాదు. ఆనందపురం మండలం తర్లువాడ మాకు దూరం కాదు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ కడతామన్నాక ఆ ఊరి పేరు పేపర్లకెక్కింది. గూగుల్ తన ఏఐ చిప్పులకి 2018లోనే నీళ్ళు పెట్టింది. అక్కడా రాగి పలకలే, గొట్టాలే. అక్కడా చివరి ప్రశ్న మా వాడి గదిలో ఉన్నదే: వేడి ఎక్కడ దింపాలి? కూజా పద్ధతిలో అయితే నీళ్ళు ఖర్చవుతాయి, ట్రాక్టర్ పద్ధతిలో అయితే కరెంటు ఖర్చవుతుంది. మా ఉక్కపోత గాలిలో కూజా పద్ధతి అంత బాగా పనిచేయదన్నది ఇంట్లో ఎయిర్ కూలర్ కొన్న ప్రతివాడికీ తెలుసు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తేల్చేశాను. 88 వాట్ల ప్రాసెసర్‌కి నీళ్ళ కూలర్ వద్దు. 14700కె కొంటుంటే వేరే మాట. మిగిలిన డబ్బులో కొంత పెట్టి, కిటికీ ఎదురు గోడకి పైన వంటింట్లో బిగించేలాంటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెట్టమన్నాను. మెషీనూ మానిటరూ కలిసి రోజంతా ఆ గదిలో మూడు నాలుగు వందల వాట్ల హీటర్‌లా కూర్చుంటే, ఆ వేడి బయటికి పోయే దారి లేనప్పుడు ఏ కూలరైనా తన వేడినే తిరిగి తాగుతుంది. గది రెండు డిగ్రీలు దిగితే ప్రాసెసర్ రెండు, గ్రాఫిక్స్ కార్డు రెండు, మనిషి కూడా రెండు దిగుతారు.

మేనల్లుడి మొహం ముడుచుకుంది. వాడికి కావాల్సింది అద్దం తలుపులోంచి కనిపించే రంగుల లైట్లని నాకు అప్పుడు అర్థమైంది. పెళ్ళివారు ఆల్బం చూడ్డానికి వచ్చినప్పుడు మెషీన్ వెలుగుతుంటే ఆ దర్జాయే వేరట. అది కూడా వ్యాపారమే, నేను వెక్కిరించను. "7700 కొన్నాక పెట్టె విప్పి చూడు, లోపల కంపెనీ వాడి కూలరుంటాది" అన్నాను. రెయిత్ ప్రిజం అని, ఫ్యాన్ చుట్టూ రంగులు మారే వలయంతో ఒకటి ఆ పెట్టెలోనే వస్తుంది. ముందు దాంతో ఒక ఎండాకాలం నడిపి, చప్పుడు ఎక్కువైతే రెండు గోపురాల గాలి కూలర్ ఒకటి కొనుక్కోవచ్చు.

నెల్లాళ్ళ తర్వాత వీడియో కాల్ చేశాడు. చీకటి గదిలో నీలం, గులాబీ రంగులు తిరుగుతున్నాయి, వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ గిర్రుమంటోంది. అక్క ఫోన్లోకి తొంగి చూసింది.

"ఈ లైట్లకి ఎంత తగలేశాడో అడుగు తమ్ముడూ."

"పెట్టితోటే వచ్చిందే అమ్మా."